ఆయుధము దించిన పిమ్మట

యుద్ధము ముగిసినదని చరిత్ర గ్రంథములలో వ్రాయబడు దినము ఒకటి యుండును. ఆనాడు సంధిపత్రముపై ముద్రలు పడును. మర్యాదకై ఫిరంగులు మ్రోగును. ప్రభువులు ఒకరికొకరు కానుకలు పంపుకొందురు. ఆ మరునాడు యుద్ధము చేసిన సిపాయి యేమి చేయునో ఆ గ్రంథములు సాధారణముగా చెప్పవు. నిన్నటివరకు వానికి అన్నము పెట్టినది తుపాకి. నేడు దానిని క్రింద పెట్టుమందురు. పెట్టించుట ఎట్లు అను ప్రశ్నకు ప్రభుత్వములు త్వరలోనే సమాధానము కనుగొనును. పెట్టిన పిమ్మట వాడు బ్రతుకుట ఎట్లు అను ప్రశ్నను మాత్రము రేపటికి వాయిదా వేయును. ఆ రేపు ఎట్లుండునో తెలిసికొనుటకు శ్రోతలు దూరదేశములకు పోనక్కరలేదు. మన కృష్ణాతీరమే ఆ పాఠమును చూచినది. దానికి మూల్యమును కూడ చెల్లించినది.

నేటి కాలమున ఐక్యరాజ్యసమితి శాంతిసేనలు ఏ దేశమునకు పోయినను వారి పనులలో ముఖ్యమైనది ఇదియే. పోరాడినవారి ఆయుధములను సేకరించుట, వారి దండును విడగొట్టుట, వారిని తిరిగి ఊరిలో మనుష్యులుగా నిలుపుట అని దీనికి మూడు మెట్లు ఏర్పరచిరి. దీనికి నియమావళులు కలవు, శిక్షణాలయములు కలవు. పేరు క్రొత్తదే గాని పని క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్దమున మన దేశమున దీనిని చేసినవారు శాంతిసేనలు కారు. రాజ్యమును విస్తరింపజేసికొనుచున్న ఇంగ్లీషు కుంఫిణీవారు. వారి ఉద్దేశము పరోపకారము కాదు. అయినను ఆయుధము దించిన మనుష్యుని కష్టము, వానిని మరచిన ప్రభుత్వమునకు కలుగు నష్టము, నాడును నేడును ఒక్కటే.

కథ నిజాంపట్నము నుండి ఆరంభింపవచ్చును. నేడు చేపల రేవుగా ప్రసిద్ధి చెందిన ఈ ఊరు బాపట్ల జిల్లాలో ఉన్నది. 2022లో ఆ జిల్లా ఏర్పడువరకు గుంటూరు జిల్లాలోనిది. దీని పాతపేరు పెద్దపల్లి. ఐరోపావారు దానినే పెటపోలి అని పలికిరి. 1606లో డచ్చివారును, 1611లో గ్లోబ్ అను ఓడపై వచ్చిన ఇంగ్లీషువారును ఇచట వర్తకస్థానములు నెలకొల్పిరి. తరువాత ఈ తీరము ఫ్రెంచివారి పలుకుబడిలోనికి పోయెను. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు రాత్రివేళ మచిలీపట్టణపు కోటపై లగ్గపట్టి ఫ్రెంచివారిని ఓడించెను. వారికి సాయముగా వచ్చుచున్న దక్కను సుబేదారు సలాబత్ జంగు, ఇక చేయునది లేక, మే 14వ తేదీన ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసికొనెను.

ఆ ఒడంబడిక మొదటి షరతు ప్రకారము మచిలీపట్టణపు సర్కారుతోపాటు నిజాంపట్నపు సర్కారు కూడ కుంఫిణీకి ఇనాముగా సంక్రమించెను. చరిత్ర పాఠములలో మనము చదువుకొనునది ఈ షరతునే. దాని ప్రక్కనే రెండవ షరతు ఉన్నది. సలాబత్ జంగు తన రాజ్యమునందున్న ఫ్రెంచి సైనికులను 15 దినములలో కృష్ణ దాటించి పంపివేయవలెను; ఇకమీదట వారిని కొలువులో ఉంచుకొనరాదు; వారికి సాయపడరాదు. ఒక షరతు భూమిని గూర్చినది, రెండవది మనుష్యులను గూర్చినది. భూమి కదలలేదు గనుక కుంఫిణీ చేతిలో నిలిచెను. మనుష్యులు కదలగలవారు గనుక ఆ రెండవ షరతు కాగితముపైననే నిలిచెను.

ఎట్లనగా, ఇరువది సంవత్సరములైనను గడువకముందే ఫ్రెంచి అధికారుల దళమొకటి మన సీమలోనే మరల కనిపించెను. గుంటూరు సర్కారు అప్పుడు నిజాం అలీ తమ్ముడైన బసాలత్ జంగు జీవితకాలపు అనుభవమున ఉండెను. అతడు ఫ్రెంచివారిని కొలువునకు తీసికొనెను. వారికి మనుష్యులును సామగ్రియు మోటుపల్లి రేవున దిగుచుండెను. కాకతీయుల కాలమున అభయశాసనము పొంది దేశదేశముల వర్తకులను పిలిచిన రేవు, ఈ కాలమున తుపాకులను దింపుకొనెను. చెన్నపట్టణపు దొరలు ఆందోళనపడి, 1779లో బసాలత్ జంగుతో ఒక ఏర్పాటు చేసికొనిరి. దాని ప్రకారము అతడు ఆ దళమును తొలగించెను. సమస్య తీరినదని దొరలు తలచిరి. తొలగింపబడిన ఆ దళమును అన్నయైన నిజాం అలీ తన కొలువులో చేర్చుకొనెను! తమ్ముని వాకిట దించిన ఆయుధము అన్న వాకిట మరల భుజమెక్కెను.

దీనిలో ఆశ్చర్యపడవలసినది లేదు. ఆనాటి సిపాయిగిరీ ఒక వృత్తి. దానికి ఒక బజారు ఉండెను. వ్యవసాయమునకు చాలినంత భూమి లేని కుటుంబమున పుట్టినవాడు, కరవునకు ఊరు విడిచినవాడు, తండ్రి తాతలనాటి నుండి కత్తి పట్టినవాడు, ఒక జమాదారు వెంట పోయి చేరుచుండెను. జీతము నెల నెల అందుట అరుదు. ఆరు నెలలు, సంవత్సరము బకాయిపడుట సామాన్యము. బకాయియే ఒక విధముగా వానిని కట్టివేసిన త్రాడు. విడిచిపోయినచో అంతయు పోవును గనుక వాడు ఉండిపోవును. అట్టివానిని ఒకనాడు పిలిచి, ఇక నీ అవసరము లేదని చెప్పినచో వాడు పోవునది ఇంటికి కాదు. ప్రక్క రాజు గుమ్మమునకు.

ఈ సంగతి మిక్కిలి స్పష్టముగా బయటపడినది 1798లో, హైదరాబాదున. నిజాం కొలువులో రేమండ్ అను ఫ్రెంచి సేనాని 1786 నుండి పెంచిన పదాతిదళము ఆ కాలమునకు 11,000 మొదలు 14,000 మంది వరకు ఉండెనని లెక్కలు చెప్పుచున్నవి. నగరమున మూసారాంబాగ్ అను పేరు అతని పేరునుండియే పుట్టినదందురు. రేమండ్ ఆ సంవత్సరము మార్చిలో మరణించెను. అతని స్థానమునకు పిరాన్ వచ్చెను. సెప్టెంబరు 1వ తేదీన నిజాము కుంఫిణీతో సైన్యసహకార సంధి చేసికొనెను. కుంఫిణీ సిపాయిలు 6,000 మంది హైదరాబాదున ఉందురు. వారి ఖర్చునకు నిజాము ఏటేట 24,17,100 రూపాయలు ఇచ్చును. ఫ్రెంచి దళము రద్దగును. సంధిపై సంతకమైనది గాని పదివేలమందికి పైబడిన సాయుధులను నగరము వాకిట నిరాయుధులను చేయుట ఎవరికి సాధ్యము? నిజాము సంశయించెను. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ పట్టు విడువలేదు. అక్టోబరులో ఉత్తరువు వెలువడెను: ఫ్రెంచి అధికారులు తొలగింపబడిరి, సిపాయిలు ఇక వారి ఆజ్ఞకు లోబడనక్కరలేదు.

అప్పుడు జరిగినది గమనింపదగినది. సిపాయిలు నిజాముపై తిరుగబడలేదు, ఇంగ్లీషువారిపై తిరుగబడలేదు. అక్టోబరు 21వ తేదీన వారు తమ అధికారులపైననే తిరుగబడి, పిరాన్‌ను అతని తోడివారిని నిర్బంధించిరి. కారణము రాజభక్తి కాదు, దేశభక్తి కాదు, బకాయి జీతము. దళము రద్దయినచో ఆ బకాయి ఎవరు తీర్తురు? మాటలాడుటకు పోయిన రెసిడెంటు సహాయకుడు జాన్ మాల్కము కూడ ఆ గుంపులో చిక్కుకొనెను. వెనుక కుంఫిణీ పటాలములో అతనితో పనిచేసి, పిదప విడిచివచ్చి ఫ్రెంచి దళములో చేరిన సిపాయిలు కొందరు అతనిని గుర్తుపట్టి కాపాడిరని అతని జీవితచరిత్ర చెప్పుచున్నది. ఒక జెండా క్రింద పనిచేసినవారు మరియొక జెండా క్రింద ఎట్లు తేలుచుండిరో ఈ చిన్న సంఘటనయే తెలుపును.

మరునాడు కుంఫిణీ సేన దండువిడిదిని చుట్టుముట్టెను. బకాయిలను గూర్చి, ప్రాణములను గూర్చి సిపాయిలకు హామీ లభించెను. నాయకులు లేని ఆ సేన కొన్ని గంటలలో ఆయుధములు దించెను. ఒక్క రక్తపుచుక్క చిందలేదు. ఫ్రెంచి అధికారుల సొంత ఆస్తిని కాపాడి, వారిని కలకత్తా మీదుగా పంపివేసిరి. సిపాయిలలో కొంత భాగమును క్రొత్త అధికారుల క్రింద మరల చేర్చుకొనిరి; వారు మరుసటి సంవత్సరము మైసూరు యుద్ధమునకు నడచిరి. తక్కినవారు ఎవరి దారిని వారు పోయిరి. కుంఫిణీ చరిత్రకారులు ఈ దినమును ఘనవిజయముగా వర్ణించిరి. ఆయుధములు దింపించుటవరకు చూచినచో అది విజయమే. 'ఎవరి దారిని వారు పోయిరి' అను మాటలోని దారులు ఎచటికి పోయినవో అప్పటికి ఎవరికిని పట్టలేదు.

రాబోవు పది పదునైదేండ్లలో ఇట్టి దినములు దేశమందంతటను వచ్చెను. సంధి చేసికొన్న ప్రతి రాజు తన సేనను తగ్గించుకొనెను. 1803లో మహారాష్ట్ర ప్రభువులు ఓడిన పిదప సింధియా, హోల్కరు సేనలు కూడ చిక్కిపోయెను. జీతము లేని గుఱ్ఱపురౌతులకు మిగిలిన ఆశ్రయము ఒక్కటే, నర్మదాతీరమందలి పిండారీ దండ్లు. పిండారీలు మొదట మహారాష్ట్ర సైన్యముల వెంటనంటి, జీతము లేక, కొల్లగొట్టినదానితో బ్రతికినవారు. వారిలో ఒక మతమని, ఒక కులమని లేదు. సైన్యములు తగ్గినకొలది వారి సంఖ్య పెరిగెను. ఆనాటి అంచనాలు వారిని ఇరువది ముప్పది వేల రౌతులుగా లెక్కించినవి. హైదరాబాదున ఆయుధము దించిన పదాతులే పిండారీలైరని నేను చెప్పుటలేదు. కొలువులు మూతపడి, కొల్ల ఒక్కటే తెరచియున్న కాలమును నిర్మించిన విధానము మాత్రము అదియే.

ఆ విధానము ఫలితము 1816 మార్చిలో మన ఇండ్ల ముందునకు వచ్చెను. ఆ నెల 10వ తేదీన పిండారీ దండు ఒకటి మచిలీపట్టణపు జిల్లా పడమటి పొలిమేరలో కనిపించెను. వారికి డేరాలు లేవు, బండ్లు లేవు, ఫిరంగులు లేవు. ఒక గుఱ్ఱము, ఒక బల్లెము, కొన్ని దినములకు చాలిన రొట్టెలు. ఎవరితోను యుద్ధమునకు నిలువరు. సైన్యము వచ్చునప్పటికి వారు నలుబది మైళ్ల దూరమున ఉందురు. 11వ తేదీన 72 పల్లెలు, 12వ తేదీన 54 పల్లెలు దోపిడియైనవి. ఆనాడే వారు గుంటూరు పట్టణము చేరిరి. పట్టణమున చాల భాగమును, దొరల ఇండ్లను కొల్లగొట్టి, పూట గడువకముందే పడమరకు తిరిగి, కడప సీమ మీదుగా వెడలిపోయిరి.

కుంఫిణీ సరిహద్దులలో వారున్నది పదకొండున్నర దినములు మాత్రమే. తరువాత విచారణకై నియమింపబడినవారు ఊరూర తిరిగి లెక్క కట్టిరి. దోపిడియైన గ్రామములు 339. చంపబడినవారు 182 మంది. తీవ్రముగా గాయపడినవారు 505 మంది. చిత్రహింసలకు గురియైనవారు 3,603 మంది. దాచిన సొమ్ము చూపింపుమని వేడి బూడిద నింపిన సంచిని ముఖమునకు కట్టుట వారు చేసిన హింసలలో ఒకటి. మానరక్షణకై బావులలో దూకిన స్త్రీల కథలు ఆనాటి నివేదికలకెక్కినవి. ఆ 3,603 మందిలో ఏ ఒక్కరును సైన్యసహకార సంధిపై సంతకము చేసినవారు కారు. ఏ సిపాయికిని బకాయిపడినవారు కారు. వారు రైతులు, సాలెవారు, కోమట్లు. దించిన ఆయుధము వెల ప్రభువులు చెల్లింపక విడిచినచో, దానిని చెల్లించువారు ఇట్టివారే.

ఆ దినమున గుంటూరులో జరిగిన మరియొక విషయమును చరిత్రకారులు ఒక వాక్యమున చెప్పి విడిచిరి. పట్టణము దోపిడియైనను కలెక్టరు కచ్చేరీ, అందలి ఖజానా, అచట తలదాచుకొన్నవారు క్షేమముగా ఉండిరి. వారిని కాపాడినది పెద్ద సేన కాదు. కచ్చేరీ పనులకై ఉంచిన పిడికెడు సిపాయిలు, వారితోపాటు కొందరు ఇన్వాలిడ్లు. ఇన్వాలిడ్లనగా వయసు మళ్లియో, గాయపడియో యుద్ధమునకు పనికిరాని పాత సిపాయిలు. కుంఫిణీ తన సొంత సేనలోని అట్టివారిని వీధిపాలు చేయక, జీతమిచ్చి కావలి వంటి తేలిక పనులలో నిలుపుచుండెను.

శ్రోతలు ఈ దృశ్యమును ఒక్కసారి మనస్సున నిలుపుకొనవలెను. కచ్చేరీ గోడకు ఇవతల ఒక పాత సిపాయి. అవతల గుఱ్ఱముపై, ఒకప్పుడు ఏదో ఒక రాజు దండులో తిరిగిన మరియొకడు. ఇరువురి విద్యయు ఒక్కటే. ఒకనికి నెలకు ఇంత అని జీతము, కూర్చుండుటకు చోటు, తనదని చెప్పుకొనుటకు ఒక పని కలవు. రెండవవానికి అవి లేవు. ఒకడు ఖజానాను కాచెను. రెండవవాడు ఊరిని దోచెను. మనుష్యుని స్వభావమును గూర్చి ఎంతయైన వాదింపవచ్చును గాని, పాలకులు నేర్చుకొనవలసినదంతయు ఆ గోడకు ఇరుప్రక్కల ఉన్నది.

గుంటూరు దాడి పిమ్మట కుంఫిణీ మేలుకొనెను. 1817లో గవర్నరు జనరలు హేస్టింగ్సు లక్షకు పైబడిన సేనను కూర్చి, ఉత్తరము నుండియు దక్షిణము నుండియు పిండారీలను చుట్టుముట్టెను. అయితే ఈసారి ఆయుధమునకు తోడు మరియొక ఉపాయము కూడ వెంట నడచెను. పఠాను నాయకుడైన అమీర్ ఖానుతో ఆ నవంబరులో సంధి జరిగెను. అతడు తన సేనను విడగొట్టవలెను. దానికి మారుగా టోంకు మొదలగు ప్రాంతములు అతనికి స్థిరపడును. అతని ఫిరంగులను చాలవరకు వెలయిచ్చి కొనిరి. అతని సైనికులలో కొన్ని పటాలములను కుంఫిణీ కొలువునకు తీసికొనిరి. నిన్నటి దండనాయకుడు నేటి నవాబయ్యెను. టోంకు సంస్థానము 1948లో రాజస్థానమున కలియువరకు నిలిచెను.

పిండారీ నాయకులలో నాందార్ ఖాను 1818 ఫిబ్రవరిలో లొంగిపోవుచు ఒక్క షరతు కోరెను: తనను కలకత్తాకు గాని సీమకు గాని పంపరాదు. దాని అర్థము స్పష్టము. తెలిసిన నేలపై, తెలిసిన మనుష్యుల నడుమ బ్రతుకనిండని కోరుట. అతనికి భోపాలు ప్రాంతమున చోటు లభించెను. అదే నెలలో కరీం ఖాను జాన్ మాల్కమునకు లొంగెను. అతనికి గోరఖ్‌పూరు ప్రాంతమున భూమి నిచ్చిరి. ఇరువది సంవత్సరముల క్రిందట హైదరాబాదున సిపాయిల గుంపులో చిక్కుకొన్న యువకుడే ఈ మాల్కము. ఆ సంవత్సరము జూనులో పీష్వా బాజీరావు లొంగినప్పుడు కూడ అతని అరబ్బు సిపాయిలు జీతపు బకాయికై యజమాని గుడారమును చుట్టుముట్టగా, దానిని సమాధానపరచినవాడు అతడే. బకాయి అను మూడక్షరముల వెనుక ఎంత బారూదు ఉన్నదో అతనికి ఎవరును చెప్పనక్కరలేదు. చిన్న పిండారీలు మాళవ గ్రామములలో కలిసిపోయిరనియు, వారిలో చాలమంది కష్టపడు రైతులైరనియు మాల్కము 1823లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను.

అందరికిని ఈ అదృష్టము పట్టలేదు. చీతూ అను నాయకుడు తనకు జాగీరుతోపాటు తన అనుచరులకు కొలువు కూడ కావలెనని కోరెను. ఆ బేరము కుదరలేదు. ఒంటరియై అడవులు పట్టి తిరిగి, 1819లో ఆసీర్‌గఢు సమీపమున పులివాత పడెను.

ఇచట మన గుంటూరు సీమవారు అడుగదగిన ప్రశ్న ఒకటి కలదు. ఊళ్లను దోచినవారికి భూములా? 3,603 మంది ఒడలిపై మచ్చలు మానకముందే పిండారీ నాయకులకు జాగీరులా? ఇది ధర్మమా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఐక్యరాజ్యసమితివారు నేడు పనిచేయు ప్రతి దేశమునను తల్లులు అడుగు ప్రశ్న ఇదియే: నా బిడ్డను చంపినవానికి భత్యమిచ్చుచున్నారు, నాకేమి ఇచ్చితిరి? దీనికి పూర్ణమైన సమాధానము ఎవరికిని దొరకలేదు. లొంగినవానికి దారి చూపనిచో వాడు మరల కత్తి పట్టును. వానికి మాత్రమే దారి చూపినచో కత్తి పట్టనివాడు చేసిన తప్పేమి అని ఊరు అడుగును. కావున నేటి నిపుణులు భత్యమును మనిషికి మాత్రమే కాక, అతనిని చేర్చుకొను ఊరికి కూడ బడిగా, బావిగా, బాటగా చేర్చవలెనని చెప్పుచున్నారు. మాళవమున నాయకులకు భూమినిచ్చిన కుంఫిణీ ఈ రెండవ సగమును తలపెట్టలేదు.

ఇక మూడవ విషయము. ఇచ్చిన మాట ఎన్నాళ్లు నిలువవలెను? దీనికి సమాధానము రాయలసీమ చరిత్రలో ఉన్నది. 1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీకి ఇచ్చునప్పటికి అచట దాదాపు 80 మంది పాళెగాండ్రు, వారి క్రింద సుమారు 30,000 మంది సాయుధులైన బంట్లు ఉండిరి. కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో పాళెగాండ్ర కోటలను పడగొట్టించి, ఎదిరించినవారిని సైన్యముతో అణచి, లొంగినవారికి భరణములు ఏర్పరచెను. కట్టుబడి బంట్లు ఊరి కావలికై ఇనాము భూములను అనుభవించుచుండిరి. మన్రో 1807లో ఈ సీమ విడుచునప్పటికి అది సద్దుమణగియుండెను.

కాని భరణమునకు ఆయుస్సు ఉండును. ఇనామునకు లెక్క ఉండును. నలుబదియేండ్లు గడచెను. మాట ఇచ్చినవారు పోయిరి. లెక్కలు వ్రాయువారు మిగిలిరి. వారసులు లేరని భరణములు రద్దయ్యెను. కావలి పని ఇక లేదని కట్టుబడి ఇనాములు సర్కారు కలుపుకొనసాగెను. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు ముట్టునది పదకొండు రూపాయల చిల్లర. బంధువుల భరణములో తనకు రావలసిన భాగము నిరాకరింపబడెను. 1846లో అతడు కోయిలకుంట్ల ఖజానాపై దాడి వెడలినప్పుడు అతని వెంట నడచినవారిలో ఇనాములు కోల్పోయిన కట్టుబడివారు ముఖ్యులు. 1847 ఫిబ్రవరి 22వ తేదీన అతనిని కోయిలకుంట్లలో ఉరితీసిరి. అతని వీరగాథ మన పాటలలో నిలిచినది. ఆ గాథ వెనుకనున్న పాలనా సూత్రమును కూడ మనము గుర్తుంచుకొనవలెను: తాత చేతి కత్తిని దింపించిన మాటను మనుమని కాలమున తప్పినచో, ఆ కత్తిని మనుమడు వెదకి తీయును.

ఈ పాఠములు నేటి ప్రపంచమున ఎంతవరకు ఒంటబట్టినవో చూతము. 2003 డిసెంబరు 7వ తేదీన ఆఫ్రికా ఖండమందలి లైబీరియా దేశమున ఐక్యరాజ్యసమితివారు ఆయుధముల సేకరణ ఆరంభించిరి. అనుకొన్నదానికంటె ఎన్నియో రెట్లు జనము వచ్చిరి. ఏర్పాట్లు చాలలేదు, డబ్బు ఎప్పుడు ముట్టునని పోరాటగాండ్రు అల్లరికి దిగిరి, తుపాకులు ప్రేలినవి. పనిని ఆపి, మరుసటి ఏప్రిలులో మరల మొదలుపెట్టవలసి వచ్చెను. చివరకు లక్షమందికి పైగా ఆ కార్యక్రమము గుండా నడచిరి. హైదరాబాదున 1798 అక్టోబరు 21వ తేదీన జరిగినది ఎరిగినవారికి ఆ డిసెంబరు అల్లరి క్రొత్తగా తోచదు. దానికి పూర్వమే మొజాంబిక్ దేశమున వేరు మార్గము త్రొక్కిరి. 1992 నాటి సంధి పిమ్మట సైన్యమును విడిచినవారికి ఒకే మొత్తముగా సొమ్ము చేత పెట్టక, రెండేండ్లపాటు వారి సొంత జిల్లాలోనే అందునట్లు భత్యము ఏర్పరచిరి. దానికొరకైనను వాడు ఊరిలో ఉండును, ఉన్నవాడు విత్తును, విత్తినవాడు కోతవరకు ఆగును. ఈ పనులలో మన దేశపు సైనికులును పోలీసులును పాల్గొనిరి. భారతదేశపు మహిళా పోలీసు దళము 2007 నుండి 2016 వరకు లైబీరియాలో కాపలా కాచెను.

నిజాంపట్నమును కుంఫిణీకి ధారపోసిన ఒడంబడిక, సైనికులను సాగనంపుటకు 15 దినముల గడువు పెట్టెను. ఆ గడువు వ్రాసినవారు సైనికుడనగా ఫిరంగి వంటి వస్తువని, ఒకచోటి నుండి మరియొకచోటికి దొర్లించినచో సరిపోవునని తలచిరి. ఫిరంగికి ఆకలి లేదు, బకాయి లేదు, బిడ్డలు లేరు. సైనికునికి అన్నియు కలవు. వాని చేతినుండి ఆయుధమును తీసికొనుటకు ఒక దినము చాలును. 1798లో కొన్ని గంటలే చాలెను. ఆ చేతికి మరియొక పనిముట్టును అలవాటు చేయుటకు కొన్ని పంటకాలములు పట్టును. ఆనాడు ఇచ్చిన మాటను నిలుపుకొనుటకు రెండు తరములు పట్టును. ఆ దినమునకు మాత్రమే ఖర్చు వ్రాసికొని తక్కినదానిని మరచిన ప్రభుత్వము బాకీ, 1816లో గుంటూరు సీమలోని 339 పల్లెల వాకిండ్లలో వసూలయ్యెను.